తేమ లెక్క

బేరానికి ముందు వాసన చూస్తాను.
తలుపు తీసిన మొదటి క్షణంలోనే
పాత బండి తన నిజం చెప్పేస్తుంది.
ఆ తర్వాత మాట్లాడేదంతా అమ్మేవాళ్ళే.

రాహె ఊళ్ళో ఏప్రిల్. సముద్రం మీద మంచు ఇంకా
చేపపొట్ట రంగులోనే ఉంది.
రాకెల్ గారి పెరట్లో, సౌనా గది పక్కన,
తొంభై రెండు నాటి మోటర్‌హోమ్.
చక్రాల కింద చెక్కలు, కిటికీల అంచున నాచు.
కొనడానికొచ్చిన హెన్నా నా భుజం వెనకే నిలబడింది,
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన
ఎర్రటి కళ్ళతో.
నాకు వంద యూరోలిచ్చేది ఆమె,
కాబట్టి ఇవాళ నా చూపు ఆమె సొత్తు.

పద్నాలుగు వేలు, అంది రాకెల్.
ఎవరూ ఏమీ అనలేదు.
మా వైపు బేరమంటే అంతే:
ముందు నోరు విప్పినవాళ్ళు ఓడినట్టు.

కిందికి దూరాను.
ముప్పై చలికాలాలు రోడ్డు ఉప్పు తిన్న ఇనుము,
విశ్వాసం మాత్రం లేదు.
సుత్తిపిడితో పొడిస్తే సైలెన్సర్ పొట్టు రాల్చింది,
ఆరువందలు తీసెయ్.
బెల్టు మార్చిన చీటీ ఉంది, నాలుగొందలు కలుపు.
టైర్లు అరగలేదు, అయినా దండగే,
కూర్చున్నా ముసలిదైపోతుంది రబ్బరు.
ఫ్రిజ్ మూడోసారికి నీలిమంట పట్టింది.
దానికి ఏమీ వెయ్యలేదు, ఏమీ తియ్యలేదు.

ఇక గోడలు.
నా మీటరుకి పాము కోరల్లాంటి రెండు సూదులు.
పైకప్పు పన్నెండు, కిటికీ చుట్టూ పదకొండు,
వెనక మంచం మూలకి రాగానే
ముప్పై ఒకటి.

హెన్నా అంకె చూసింది. ఏదో కలని
లోపల మడతపెట్టేస్తున్న చప్పుడు నాకు వినిపించింది.
కారే బండి అయితే సగం ధర.
లోపలి కర్ర తడిసిన రొట్టె అయిపోయి ఉంటుంది.

కానీ ఆ మూలకి పైన పొడి.
కింద పొడి.
నీళ్ళకి ఒకటే దారి తెలుసు, పైనుంచి కిందికి.
ఈ తడి ఎటూ పోలేదు. దిండంత వెడల్పు,
పడుకున్న మనిషి మూతి ఎత్తు.

సొరుగులో ఉర్పో గారి నీలం నోటుబుక్కు.
ప్రతి లీటరూ, ప్రతి ఊరూ, ఆయిల్ మార్చిన ప్రతి తేదీ
చీమల బారులా.
చివరి రెండు పేజీల్లో మీటరు కదల్లేదు:
ఒక లక్షా ఎనభై మూడు వేల నాలుగు వందల ఇరవై.
మళ్ళీ అదే. మళ్ళీ అదే.
పక్కన మాత్రం గ్యాస్ సిలిండర్,
తొమ్మిది రోజులకి మళ్ళీ సిలిండర్,
ఫిబ్రవరిలోనూ.

ఇది కారడం కాదు, అన్నాను.
మరేమిటి, అంది హెన్నా.

రాకెల్ బూటు కొనతో టైరు మీది నాచు గీకుతోంది.
ఊపిరి, అంది.
రెండు చలికాలాలు ఇందులోనే పడుకున్నాడు.
కొట్లాట ఏమీ లేదు.
ఎందుకో అతను చెప్పలేదు, నేనడగలేదు.
పొద్దున్నే కాఫీకి ఇంట్లోకి వచ్చేవాడు.

కుండ కొనేవాడిలా వేలి కణుపుతో గోడ తట్టాను.
ఖంగుమంది. కర్ర గట్టిదే.
ఒక వేసవి కిటికీలు తెరిచి ఉంచితే చాలు,
ఎవరి ఊపిరైనా ఆరిపోతుంది.
నేను పెదవి కుట్టుకుని ఉంటే
ఏడు వేలకి వచ్చేసేది బండి.
నా వంద యూరోలు అందుకే ఇచ్చిందేమో కూడా.
పదకొండు వేల రెండొందలు, అన్నాను ఇద్దరికీ వినపడేలా.
హెన్నా నన్నొకసారి చూసి, సరేనంది.

రాకెల్ చెయ్యి చాచింది, డబ్బుకి కాదు.
ఆ పుస్తకం బండితో రాదు, అంది.

సర్వీసు లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి,
అది లేకపోతే ఐదొందలు తగ్గుతుందండీ.

తగ్గించు, అంది.